పరిశోధనా వైవిధ్యం అనే పాలనాపరమైన ఇబ్బంది గురించి

విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులందరూ ఒకే రకంగా పరిశోధన చేయకపోవడం మన ఉన్నత విద్యా పాలనను చాలాకాలంగా వేధిస్తున్న సమస్య. గణితం వారు ఏడాది పొడవునా గోడకేసి చూస్తూ కూర్చుని, అదే పని అంటారు. ఇంజనీరింగ్ వారు యంత్రం వస్తే గానీ పని మొదలుకాదంటారు. యంత్రం వచ్చాక దాని విడిభాగం రాలేదంటారు. సమాజశాస్త్రం వారైతే అసలు డిపార్ట్‌మెంటులోనే కనబడరు. ఏ ఊళ్లోనో రచ్చబండ మీద కూర్చుని, ఊరివాళ్లు చెప్పుకునే మాటలు రాసుకుంటూ ఉంటారు. ఈ ముగ్గురి పనినీ ఒకే ఫారంలో నింపి, కింద మొత్తం వేసి, ఎవరికి పదోన్నతి ఇవ్వవచ్చో తేల్చవలసిన సెక్షన్ గుమాస్తా అవస్థ మీద ఇంతవరకు ఒక్క సిద్ధాంత గ్రంథమైనా నా కంటపడకపోవడం విచారకరం.

ఈ అరాచకానికి విరుగుడుగా 2010లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం), అధ్యాపకుల పనితీరును అంకెల్లో కొలిచే ఏపీఐ అనే పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టింది. సమీక్షకులున్న పత్రికలో వ్యాసానికి 15 పాయింట్లు. సమీక్ష లేకపోయినా ఐఎస్‌ఎస్‌ఎన్ అనే పత్రికల గుర్తింపు సంఖ్య ఉండి, పేరున్న పత్రిక అనిపించుకుంటే 10. అంటే, నిపుణులు చదివి, తప్పుబట్టి, తిప్పి పంపి, మళ్లీ రాయించి, చివరికి అయిష్టంగా ఒప్పుకున్న వ్యాసానికీ, ఎవరూ చదవకుండానే అచ్చయిన వ్యాసానికీ మధ్య అంతరం 5 పాయింట్లని అధికారికంగా తేలింది. చదవడం అనే పనికి ఇంత కచ్చితంగా వెల కట్టిన దేశం మరొకటి ఉంటుందని నేననుకోను.

ఇంత చక్కని పద్ధతిని కూడా గణితం వారు చెడగొట్టారు. ఉమ్మడి వ్యాసానికి వచ్చే పాయింట్లలో 60 శాతాన్ని మొదటి రచయితా, పర్యవేక్షకుడూ సమంగా పంచుకోవాలనీ, మిగిలిన 40 శాతాన్ని తక్కినవారికి పంచాలనీ అప్పటి నిబంధన. ప్రయోగశాలల్లో ఎక్కువ చాకిరీ చేసినవారి పేరు ముందు వేయడం మామూలు కనుక అక్కడ లెక్క కుదిరింది. గణితజ్ఞులు మాత్రం పేర్లను ఇంగ్లిషు అక్షరక్రమంలో వేసుకునే తమ పాత ఆచారాన్ని వదల్లేదు. అందువల్ల ఆకెళ్ల వారబ్బాయీ, యార్లగడ్డ వారబ్బాయీ కలిసి ఎన్ని సిద్ధాంతాలు నిరూపించినా, ఎవరి బుర్ర ఎంత పనిచేసిందన్న దానితో నిమిత్తం లేకుండా, జీవితాంతం ఆకెళ్ల వారే మొదటి రచయిత. గణితంలో పైకి రాదలచిన యార్లగడ్డ వారికి దత్తత వెళ్లడం మినహా వేరే మార్గం కనిపించడం లేదు.

మనవాడని మనం గర్వంగా చెప్పుకునే గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారిని ఈ ఫారంలో పెట్టి చూస్తే నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరిన ఆయన, 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. నమూనా నుంచి కట్టే అంచనాలోని అనిశ్చితిని ఏ హద్దు దాకా మాత్రమే తగ్గించగలమో చెప్పే క్రామర్-రావు హద్దు అందులోనే ఉంది. ఉన్న అంచనాను మెరుగుపరిచే దారి చూపే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమూ అందులోనే ఉంది. సమాచార జ్యామితి అనే కొత్త శాఖకు పునాది కూడా అందులోనే పడింది. మూడు వ్యాసాలకు సరిపడే సరుకును ఒకే వ్యాసంలో కుక్కి, 45 పాయింట్లు రావలసిన చోట 15తో సరిపెట్టుకోవడం పాతికేళ్లయినా నిండని కుర్రవాడి అనుభవ రాహిత్యం కాక మరేమిటి? పైగా ఆ వ్యాసానికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది 2023లో, 78 ఏళ్ల తరువాత, ఆయనకు 102 ఏళ్ల వయసులో. పత్రికల ప్రభావాంకాన్ని (ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను) గత రెండేళ్ల వ్యాసాలకు దొరికిన ఉల్లేఖనలతో, అంటే ఇతరుల వ్యాసాల్లో వాటిని పేర్కొన్న సందర్భాలతో, లెక్కగట్టే కాలంలో, మునిమనవల హయాంలో ఫలించే పనికి ఏ గడిలోనూ చోటు లేదు.

ఈ విషయంలో గణితంలో శతాబ్దాలపాటు తేలకుండా ఉన్న ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించిన ఆండ్రూ వైల్స్ కాస్త లోకజ్ఞానం ఉన్న మనిషి. ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క సమస్య మీదే కూర్చున్న ఆయన, ఎవరికీ అనుమానం రాకుండా అంతకుముందే పూర్తిచేసి పెట్టుకున్న పనిని విడతలవారీగా అచ్చువేయించారని చెబుతారు. 1993లో ప్రకటించిన నిరూపణలో లోపం బయటపడి, దాన్ని సరిదిద్ది 1995లో ప్రచురించేవరకు పట్టిన కాలాన్ని మన కమిటీ ముందు ఎలా సమర్థించుకునేవారో మాత్రం తెలియదు.

ఇంజనీరింగ్ వారి దోషం వేరు. నీటిలోని ఫ్లోరైడును తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి నీళ్లలో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైనీటిని వడకట్టడమే అందులోని రహస్యం. అది టాంజానియా దాకా వెళ్లింది. అయితే ఆ నీళ్లు తాగినవాళ్లెవరూ తాము తాగిన సంగతిని ప్రామాణిక పద్ధతిలో ఉల్లేఖించలేదు. కాబట్టి ప్రభావం ఉన్నట్టు ఆధారం లేదు. దీనితో పోలిస్తే 2005లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు విద్యార్థులు రాసిన ప్రోగ్రాం ఎంతో మెరుగు. కంప్యూటర్ శాస్త్రపు పదాలను ఇష్టం వచ్చినట్టు కలిపి అది అల్లిన అర్థంలేని వ్యాసాన్ని ఒక సదస్సు అంగీకరించింది. అలాంటివే 120కి పైగా వ్యాసాలను 2014లో రెండు పెద్ద ప్రచురణ సంస్థలు తమ సంపుటాల నుంచి తొలగించాయి. జీతం, హాస్టలు గది, యంత్రం, విడిభాగం ఏవీ అడగని ఇలాంటి పరిశోధకుణ్ణి తొలగించడం తొందరపాటు.

ఇక సమాజశాస్త్రం వారి సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే బృందం హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను కూలంకషంగా అధ్యయనం చేస్తే, 1955లో వెలువడింది ఒకే పుస్తకం. ఎం.ఎన్. శ్రీనివాస్ కథ మరీ దారుణం. 1948లో మైసూరు ప్రాంతపు పల్లెలో ఉండి సేకరించిన సమాచారాన్ని ఏళ్ల తరబడి క్రమబద్ధం చేసుకున్న నోట్సు, మూడు ప్రతులూ, 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి 1976లో ఆ ఊరి గురించి పుస్తకం తెచ్చారు. ముడి సమాచారం ఎక్కడ భద్రపరిచారు అన్న గడిలో ‘తలలో’ అని రాస్తే ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు?

శాఖాభేదాలు లేని వ్యవస్థ ఎలా ఉంటుందో ఆచరణలో చూపిన ఘనత మాత్రం రుసుము పుచ్చుకుని అచ్చువేసే పత్రికలదే. గణితమా, కాంక్రీటా, కులవ్యవస్థా అని అడగకుండా, డబ్బు జమ అయిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో అందరినీ సమదృష్టితో ఆదరించారు. ఇంతటి సమభావాన్ని లోకం ఓర్వలేకపోయింది. 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తీసివేసింది. హైదరాబాద్ నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ, సమీక్ష జరుగుతుందని చెప్పి రచయితలను మోసగించినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది.

అంతటితో ఆగినా బాగుండేది. పీహెచ్‌డీ గ్రంథం సమర్పించే ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న నిబంధనను 2022లో యూజీసీ ఎత్తివేసింది. దీనివల్ల విద్యార్థులకు కొంత తీరిక చిక్కి, అందులో కొందరు గ్రంథాలయానికి వెళ్లి, ఏదైనా ఒక ప్రశ్న గురించి ఏళ్ల తరబడి ఆలోచించే ప్రమాదం పొంచి ఉంది. దీనిపై తక్షణం ఉపసంఘం వేయాలని, సభ్యులకు ప్రయాణ భత్యం ఏ శాఖవారికైనా ఒకే రేటున ఇవ్వాలని మనవి.