సవరణ: నటన కోర్సులకు ఇంటర్ సరిపోదు

మొన్నటి పోస్టులో ఢిల్లీ ఎన్‌ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా), పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్) నటన కోర్సులకు ఇంటర్ చాలని ఉంది. సరిచేసి చదవండి: రెండింటికీ డిగ్రీ ఉండాలి. ఎన్‌ఎస్‌డీది 3 ఏళ్ల డిప్లొమా, నాటకాలు వేసిన అనుభవమూ అడుగుతారు. ఎఫ్‌టీఐఐలో స్క్రీన్ యాక్టింగ్ 2 ఏళ్లు. మన వైజాగ్ పిల్లలెవరూ డిగ్రీ మధ్యలో వదిలేసి రైలెక్కొద్దు, దయచేసి.

రంగస్థల శిక్షణ సినిమాకి పనికిరాదన్నట్టు ధ్వనించిన వాక్యం కూడా తీసేశాను. మన కళాభారతి ఆడిటోరియంలో నాటకం వేస్తూ చివరి వరుస దాకా మాట చేరాలంటే కడుపులోంచి ఊపిరి తీయాలి. క్లోజప్‌లో అదే మాట పెదవి దాటితే చాలు, రెప్ప కదిలినా తెలిసిపోతుంది. ఊపిరి మీద పట్టు మాత్రం రెండుచోట్లా కావాల్సిందే. అది రోజూ సాధన చేస్తేనే వస్తుంది. దూరం వెళ్లలేనివాళ్లు ముందు ఇక్కడే, ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగంలో అడగండి.