కేటీ పెర్రీకి ఆ ఐదు పాటలే భారమయ్యాయి

2024లో అమెరికన్ పాప్ గాయని కేటీ పెర్రీ ‘ఉమన్స్ వరల్డ్’ పాటతో తిరిగొచ్చి అమెరికా వారపు పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 63వ స్థానం దగ్గరే చతికిలపడితే, అందరూ పాటను తిట్టారు. పాట బాగాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆమె పతనానికి ముహూర్తం 2011లోనే, రికార్డులు కొల్లగొడుతున్న రోజుల్లోనే పెట్టేశారు.

‘టీనేజ్ డ్రీమ్’ కథ తెలిసిందే. 2010 ఆగస్టులో వచ్చిన ఆ ఆల్బమ్ నుంచి ఐదు సింగిల్స్, అంటే విడిగా విడుదల చేసిన పాటలు, నంబర్ వన్ అయ్యాయి. అంతకుముందు ఆ ఘనత మైకేల్ జాక్సన్ ‘బ్యాడ్’ ఒక్కదానిదే. అయితే అవి పైకెక్కిన తీరు చూడండి. ‘ఇ.టి.’ని ఆల్బమ్‌లో కేటీ ఒక్కరే పాడారు. సింగిల్‌గా వచ్చేసరికి కాన్యే వెస్ట్ ర్యాప్ చేరింది. ‘లాస్ట్ ఫ్రైడే నైట్’కు మిస్సీ ఎలియట్‌తో రీమిక్స్ దించారు. రీమిక్స్ అమ్మకాలు కూడా చార్టులో అసలు పాట ఖాతాకే జమ అవుతాయి మరి! జాక్సన్‌ను దాటించే ఆరో పాట కోసం ‘ద వన్ దట్ గాట్ అవే’కు ర్యాపర్ బి.ఓ.బి.ని తోడు తెచ్చారు. అది మూడో స్థానం దాటలేదు. అక్కడితోనైనా ఊరుకున్నారా? 2012 మార్చిలో కొత్త పాటలు కలిపి అదే ఆల్బమ్‌ను మళ్లీ అమ్మారు.

పన్నెండు పాటల్లో సగం సింగిల్స్‌గా వెళ్లిపోయాయి. మిగతా ఆరింటిలో ఒక్కదాని పేరైనా గుర్తుందా? శ్రోతలు ఒక్కో పాటకూ అభిమానులయ్యారు తప్ప గాయనికి కాలేదు. తర్వాతి ఆల్బమ్ ‘ప్రిజమ్’లో కంపెనీ రెండో సింగిల్‌గా ‘అన్‌కండిషనల్లీ’ని ఎంచుకుంటే అది 14 దగ్గర ఆగింది. అభిమానుల ఓటింగ్‌లో గెలిచి ముందే బయటికొచ్చిన ‘డార్క్ హార్స్’ మాత్రం నంబర్ వన్ అయింది. పాఠం కళ్లెదుటే ఉన్నా పాత అలవాటు పోలేదు. 2017లో ‘విట్‌నెస్’ ఆల్బమ్ నుంచి వరుసగా వచ్చిన మూడు సింగిల్స్‌లోనూ అతిథులే: స్కిప్ మార్లే, మిగోస్, నిక్కీ మినాజ్. మొదటిది నాలుగో స్థానం దాకా వెళ్లింది, రెండోది 59 దగ్గరే ఆగింది.

స్ట్రీమింగ్ వచ్చి ఆట మారిందనీ, ముప్ఫై దాటిన గాయనిని పాప్ రంగం పక్కన పెడుతుందనీ అంటారు. ‘విట్‌నెస్’ నాటికి కేటీకి 32 ఏళ్లు. 2023లో ‘క్రూయెల్ సమ్మర్’ నంబర్ వన్ అయినప్పుడు టేలర్ స్విఫ్ట్‌కు 33. అది 2019 ఆల్బమ్‌లోని పాట, నాలుగేళ్లు సింగిలే కాలేదు. అయినా ఆ ఆల్బమ్ మొత్తం విన్నవాళ్లున్నారు కాబట్టి బతికింది.

మన దగ్గర పరిస్థితి ఇంకా అన్యాయం. 2020 సంక్రాంతి సినిమా ‘అల వైకుంఠపురములో’ పాటలు 2019 సెప్టెంబరు నుంచే ఒక్కొక్కటిగా వచ్చి ఊరూవాడా మోగాక, ప్రతి నిర్మాతా ఆ దారే పట్టాడు. ఆ పాటలు గొప్పవే, పేచీ లేదు. కానీ ఇక్కడ సింగిల్ పని సినిమాకు ఓపెనింగ్స్ తేవడం. కేటీకి కనీసం తనదని చెప్పుకొనే ఆల్బమ్ ఒకటి మిగిలింది. సొంత ఆల్బమ్‌కు డబ్బు పెట్టే కంపెనీ తెలుగు గాయనికి ఎక్కడ దొరుకుతుంది? ‘ఫస్ట్ సింగిల్’ పోస్టర్ నిండా హీరోనే ఉంటాడు, పాడినవాళ్ల పేరు కోసం భూతద్దం కావాలి.