సిస్టంల కాలింది సార్

అర్ధరాత్రి రెండు గంటలకు ఫోన్ మోగితే, సిమెంటు ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ వాడికి చుట్టాలు గుర్తురారు, మోటర్లు గుర్తొస్తాయి. అనుకున్నంతా అయింది. ఒక ఫేజ్ పోయి, మిగతా రెండింటి మీద కాసేపు మూలిగి, స్క్రూ కన్వేయర్ మోటరు కాలింది. 15 హెచ్‌పీది.

నాకు టెన్షన్ లేదు. ఇంకో మోటరు నిన్న సాయంత్రమే మిర్యాలగూడ వైండింగ్ షాపు నుంచి వచ్చింది. కొత్త రాగి తీగ, వార్నిష్, బేరింగులు, పైన పెళ్లికొడుకు సోకుతో నీలం రంగు.

వెళ్లేసరికి స్టోర్‌కీపర్ దాని మీదే కూర్చుని టీ తాగుతున్నాడు.

"అన్నా, జర లే. మోటర్ కావాలె."

"లేదు సార్."

"మరి నువ్వు కూసున్నదేంది?"

"ఇది కాలిన మోటర్ సార్."

తప్పు నాదే. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక రకం మోటరుకు ఒకటే కోడ్, కానీ జన్మలు మూడు. సీ1 కొత్తది, సీ2 బాగుచేసింది, సీ3 కాలింది. ఒక్కో జన్మకు ఒక్కో ధర. రిపేరు ఆర్డర్ వేస్తే సీ3లోంచి బయటికి పోయి, బాగై వచ్చాక సీ2లో పడాలి. ట్రైనింగ్‌లో ఈ ముక్కకు నేనే ముందుగా తలూపాను. నిన్న ఆరు గంటల బస్సు తొందరలో, వచ్చిన మోటరును మళ్లీ సీ3లోనే ఎక్కించాను. లెక్క ప్రకారం డబ్బిచ్చి మరీ కాలిన మోటరును కాలినట్టే తెచ్చుకున్నామన్నమాట.

మెగ్గర్ పెట్టి, అంటే వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చెప్పే మీటరు పెట్టి చూపించాను. ముల్లు ఆ చివరికి పోయి నిలబడింది.

"మెగ్గర్ల మంచిగనే ఉన్నది సార్. సిస్టంల కాలింది."

ఆయన్ని అనడానికి లేదు. ఇట్లాగే ఒకసారి నోటిమాట మీద బేరింగ్ ఇచ్చి, ఆడిట్‌లో చెమటలు కక్కాడు. ఎంట్రీ రద్దు చేసే అధికారం హైదరాబాద్ హెడ్డాఫీసులో ఒకాయనకే ఉంది. ఆయన ఫోన్ ఎత్తలేదు.

చివరికి స్టోర్‌కీపరే జాలిపడి, బీరువా వెనక నుంచి 200 పేజీల నోటుబుక్కు తీశాడు. సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజే చించెయ్యమన్న పుస్తకం అది. "కాలిన మోటర్ ఒకటి, చేబదులు" అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. నాలుగింటికల్లా కన్వేయర్ తిరిగింది.

తెల్లారాక నాకు తెలివి ఎక్కువైంది. ఆ మోటరు మీదే ఇంకో రిపేరు ఆర్డర్ వేస్తే, తిరిగొచ్చినట్టు చూపించి ఈసారి సీ2లో పడేయొచ్చు కదా! వేశాను. చలాన్ ప్రింటైంది. రాత్రి కాలినదాని చలాన్ కూడా అక్కడే ఉంది. మా గుమాస్తా రెండూ కలిపి ట్రాలీ ఆటో వాడి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం వైండింగ్ షాపాయన ఫోన్ చేశాడు.

"సార్, చలాన్లు రెండొచ్చినయ్, మోటర్ ఒక్కటే దిగింది. ఇంకోటి దారిల పడిపోయిందా ఏంది?"

"లేదన్నా. అది ఈడ నడుస్తున్నది."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"మరి దానికి బిల్లు ఎంత రాయమంటరు సార్?"