ఏడవొద్దని ఆ పాట ఎక్కడ చెప్పింది?

వారం రోజుల్లో ఆరుసార్లు వచ్చింది నాకు ఆ మెసేజ్. కాలేజీ స్నేహితుల గ్రూపులో, వీధి గ్రూపులో, చివరికి మా ఇంటివాళ్ల గ్రూపులో. దీపం బొమ్మ, పక్కన ఘంటసాల ఫొటో, "పాడుతా తీయగా పాటకు అసలు అర్థం ఇదీ" అని హెడ్డింగు, కింద ఐదు పాయింట్లు. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. కానీ అది మా పిన్ని ఫోన్‌కి కూడా చేరిందని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఇది జోలపాట, పిల్లల్ని పడుకోబెట్టడానికి రాసింది అన్నది మొదటి పాయింటు. పాటలో ఉన్నది 'పసిపాపలా'. ఆ 'లా' ఎందుకుందో ఒక్కసారి చూసుకుంటే చాలు.

రెండోది, భాష తప్పులట. 'పోయినోళ్లు' కాదు, 'పోయినవారు' అనాలట. దిద్ది మరీ పెట్టారు! 'మూగమనసులు' సినిమాలో ఈ పాట పాడేది గోదావరి మీద పడవ నడిపే గోపి. భర్త పోయిన అమ్మాయిగారి దుఃఖం చూడలేక తనకు వచ్చిన మాటల్లో ఓదారుస్తున్నాడు. సన్నీళ్లు, సాన్నాళ్లు అన్నవి అతని నోటి మాటలు. వాటిని చన్నీళ్లు, చాన్నాళ్లు చేస్తే ప్రాస మిగులుతుంది గానీ గోపి మిగలడు.

మూడోది చాలామంది నమ్మేశారు. ఇది పాట రాసిన ఆత్రేయ సొంత కథ, మళ్లీ జన్మలో కలుస్తామన్నది ఆయన నమ్మకం అని. సరే, 1964లో 'మూగమనసులు'లో చావుపుట్టుకలు లేని నేస్తం జన్మజన్మకూ గట్టిపడుతుందని రాశాడు. అదే ఆత్రేయ 1971లో 'ప్రేమనగర్'లో 'మరుజన్మ ఉన్నదో లేదో' అని రాశాడు. అదే ఘంటసాల గొంతు, అదే మహదేవన్ బాణీ, తెర మీద అదే నాగేశ్వరరావు. మరి ఏది ఆయన నమ్మకం? మొదటిది జన్మల కథలో ఉన్న గోపి మాట, రెండోది ప్రేమ పోగొట్టుకుని కుమిలిపోతున్న కళ్యాణ్ మాట. ఎవరి గుండెలోకి వెళ్తే వాళ్ల మాట రాశాడు కాబట్టే మనసు కవి అన్నారు. పాటలో ప్రతి కన్నీటి చుక్కనూ కవి ఇంటి చూరు నుంచే రాల్చాలంటే, ఆయన రాసినన్ని పాటలకు ఎన్ని జీవితాలు కావాలి?

ఇక నాలుగో పాయింటు. అసలు నేనిదంతా రాస్తున్నది దీనికోసమే. "పోయినవాళ్ల కోసం ఏడవకూడదని ఈ పాట చెబుతోంది. మీరు ఏడిస్తే వాళ్ల ఆత్మకు శాంతి ఉండదు" అని రాశారు.

మా బాబాయ్ పోయిన పదకొండో రోజున పిన్నికి ఇది వచ్చింది. ఎవరో దూరపు బంధువు, ఓదార్పు అనుకునే పంపి ఉంటారు. నేను అక్కడే ఉన్నాను. వంటగట్టు మీద ఫోన్ పెట్టుకుని చదివింది. కొంగుతో కళ్లు గట్టిగా ఒత్తుకుంది. తర్వాత పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది, బకెట్ నిండి పొర్లిపోతున్నా కట్టలేదు. ఆ నీళ్ల చప్పుడు చాటున ఏడ్చింది మా పిన్ని. ముప్పయ్యేళ్లు కాపురం చేసిన మనిషి కోసం దొంగతనంగా ఏడ్చింది, ఆయన ఆత్మ ఎక్కడ క్షోభిస్తుందోనని.

ఆ పాటలో ఏముందో విన్నారా మీరు? 'గుండె మంటలారిపే సన్నీళ్లు కన్నీళ్లు' అని ఉంది. కన్నీళ్లంటే మంటను ఆర్పే చల్లని నీళ్లని ఇంత స్పష్టంగా చెప్పిన పాట నుంచి ఏడవకూడదన్న అర్థం ఎలా తీశారు? మంట అంటుకున్నప్పుడు నీళ్లు పోయొద్దంటారా? ఆ వెంటనే, ఉండమన్నా అవి సాన్నాళ్లు ఉండవమ్మా అంటాడు. ఏడుపు ఆపుకోమనడం లేదు. ఏడువు తల్లీ, అదే ఒకరోజు ఆగుతుంది, నువ్వు పట్టుకుందామన్నా ఆగదు అంటున్నాడు. నిద్రపొమ్మన్నాడు, కునుకు పడితే మనసు కుదుటపడుతుందన్నాడు. పదకొండు రోజులుగా కంటి మీద కునుకు లేని మనిషికి అంతకన్నా ఏం చెప్పాలి? ఆత్మశాంతి మాట ఆ పాటలో ఎక్కడా లేదు. అది మీరు కలిపింది. కలిపి, ఘంటసాల ఫొటో పెట్టి, ఆ గొంతు చెప్పినట్టు పంపారు. పరామర్శకు వెళ్లే తీరిక లేకపోతే ఊరికే ఉండండి, పరవాలేదు. ఏడ్చే హక్కు మాత్రం లాక్కోకండి.

ఐదో పాయింటు దగ్గర నేను ఆగిపోయాను. 'ఉన్నోళ్లు పోయినోళ్ల తీపి గురుతులు' అన్నచోట, బతికున్నవాళ్ల దగ్గర పోయినవాళ్ల జ్ఞాపకాలు మిగులుతాయని అర్థం అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. కాదు, బతికున్నవాళ్లే ఆ గుర్తులు అని రాశారు మెసేజ్‌లో. మళ్లీ పెట్టి విన్నాను. నిజమే. మాట సరిగ్గా అలాగే ఉంది. ఫొటో కాదు, చేతి గడియారం కాదు, మనుషులే. బాబాయ్ లాగే తల పక్కకు వంచి నవ్వే మా తమ్ముడు గుర్తొచ్చాడు.

మెసేజ్‌లో ఆ ఒక్క పాయింటు ఉంచి, మిగతావన్నీ తీసేసి, కింద పాట పెట్టి పిన్నికి నేనే పంపాను.