మహారాజశ్రీ వెడల్పు రీలు గారి సముఖమునకు

మహారాజశ్రీ వెడల్పు రీలు గారి సముఖమునకు, ఎడమచేతి బొటనవేలు నమస్కరించి రాసుకున్న విన్నపాలు. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. సముద్రంలో గేలం వేసే రాడ్‌కి బిగించి దారం చుట్టే రీళ్లలో వెడల్పు రకం తమరు. తమరు కుశలమే, కొట్టులో అద్దాల బీరువాలో బంగారు రంగు పూసుకుని మెరిసిపోతున్నారు. నా సంగతే బాగాలేదు.

తమకు చాకిరీ చేసేది నేనే గనక ఈ ఉత్తరం నేనే రాయాలి. కుడిచెయ్యి హ్యాండిల్ తిప్పుతుంది, పేరంతా దానికే. తిరిగొస్తున్న దారాన్ని స్పూలు (దారం చుట్టుకునే గిన్నె) మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు తోస్తూ సమంగా పరిచేది నేను. ఆ పనికి లెవల్ వైండ్ అని ఒక యంత్రం ఉంది. ఉప్పునీటి రీళ్లలో పెన్ 209కి, షిమానో టెకోటాకి ఇచ్చారు. పెద్ద చేప పరుగు తీసేటప్పుడు అది అదనపు రాపిడి, ఉప్పు పేరుకుంటే బిగుసుకుపోతుంది కూడా. అందుకని తమ ఇంట్లో దాన్ని మానిపించి, ఆ ఉద్యోగం నాకు జీతం లేకుండా ఇచ్చారు. ఏకలవ్యుడు కుడి బొటనవేలు ఇచ్చాడు, ఒక్కసారితో రుణం తీరిపోయింది. నన్ను మాత్రం పడవ ఎక్కిన ప్రతిసారీ ఇవ్వాల్సిందే.

తమది గొప్ప వంశం, కాదనను. ఒట్టో హెంజే 1932లో ఫిలడెల్ఫియాలో పెన్ కంపెనీ పెట్టాడు, 1936లో సెనేటర్ రీలు వచ్చింది. అప్పట్లో వాడింది నార దారం, తర్వాత నైలాన్ మోనో, అంటే ఒంటిపోగు దారం. రెండూ లావే. 50 పౌండ్ల లాగుడుకు తట్టుకునే మోనో మందం 0.70 మి.మీ. దాకా ఉంటుంది. 25 మి.మీ. వెడల్పు, నిండుగా 54 మి.మీ. వ్యాసం, లోపల 30 మి.మీ. ఇరుసు ఉన్న స్పూలులో అది 80 మీటర్లు పడితే గొప్ప. 80 మీటర్ల దారంతో ట్యూనా ముందుకు వెళ్లడం చెంబు పట్టుకుని చెరువు తోడటానికి వెళ్లడమే. 300 మీటర్లు కావాలంటే అలాంటి గిన్నెలు దాదాపు నాలుగు కావాలి. కాబట్టి ఆ రోజుల్లో తమ వెడల్పు డాబు కాదు, అవసరం.

ఆ తర్వాత బ్రెయిడ్ వచ్చింది, సన్న పోగులను జడలా అల్లిన దారం. అదే 50 పౌండ్లకు మందం 0.36 మి.మీ. అదే 25 మి.మీ. గిన్నెలో ఇప్పుడు 300 మీటర్లు పడుతుంది. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మోనో పోయిన రోజునే పడవ మీద పనుల్లో సగానికి తమ అవసరం తీరిపోయింది. అయినా కొట్టులో "అదే ధర, ఇంకో 200 మీటర్లు ఎక్కువ పడుతుంది సార్" అనగానే చెయ్యి తమవైపే పోతుంది. ఆ 200 మీటర్లు నీళ్లు చూసే రోజు వస్తుందా అని ఎవరూ అడగరు. వాటిని ఎవరు సర్దాలో అసలే అడగరు.

లెక్క ఒకటి మనవి చేస్తాను. 300 మీటర్ల బ్రెయిడ్‌నే పట్టే రెండు రీళ్లు తీసుకుందాం. సన్న రీలు 25 మి.మీ. వెడల్పు, 54 వ్యాసం. తమరు 42 మి.మీ. వెడల్పు, 46 వ్యాసం. ఇరుసు రెంటికీ 30, గేరు రెంటికీ 6:1, అంటే హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూలు ఆరుసార్లు తిరుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు హ్యాండిల్ ఒక్క చుట్టుకు సన్నది 1.02 మీటర్లు లాగుతుంది, తమరు 87 సెంటీమీటర్లు. 100 మీటర్ల లోతు నుంచి జిగ్గు (చేపను ఆశపెట్టే లోహపు ఎర) పైకి రావాలంటే సన్నదానికి 105 చుట్లు, తమకు 121. రోజుకు ముప్పై సార్లు దించి ఎత్తితే దాదాపు 480 చుట్లు ఎక్కువ. ఇది కుడిచేతి బాధ. నాకు దానిమీద జాలి లేదు గాని, న్యాయం కోసం చెబుతున్నా.

నా బాధ ఇదీ. ఆ 100 మీటర్లు తిరిగొచ్చేటప్పుడు నేను కాస్త ఏమరుపాటున ఉండి, దారమంతా ఒక పక్కన 14 మి.మీ. మేరకే పడిందనుకోండి. గుట్ట 54 మి.మీ. వ్యాసానికి లేస్తుంది. తమ అంచు 46 దగ్గరే ఆగిపోయింది. అంటే అంచుకన్నా 4 మి.మీ. ఎత్తు! గుట్ట పైనున్న అడ్డకడ్డీని ఒరుసుకుని స్పూలు బిగుసుకుంటుంది. చేప ఇంకా గేలానికే ఉంటుంది, హ్యాండిల్ మాత్రం తిరగదు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే: గుట్టలోంచి దారాన్ని చేత్తో పీకి వదులు చేయడం. ఆ క్షణంలో చేప పరుగు తీస్తే తెగేది దారమో వేలో చెప్పలేం. ఒకవేళ గుట్ట బిగుసుకోకుండా పక్కకు కూలితే వచ్చే గండం తర్వాతిసారి దించేటప్పుడు. కూలిన చుట్లు మిగతావాటి కింద ఇరుక్కుని, జిగ్గు దిగుతూ దిగుతూ ఠక్కున ఆగుతుంది, స్పూలు ఆగదు. ఆపైన మిగిలేది కోతి చేతికి చిక్కిన కొబ్బరి పీచే.

సన్న రీలులోనూ గుట్ట పడుతుంది. కానీ అటూ ఇటూ గోడలు దగ్గర కాబట్టి చాలావరకు తనంతట తనే జారి సర్దుకుంటుంది. నేను అప్పుడప్పుడు ఒక చిన్న తోపు తోస్తే చాలు. పైగా దారం అంచు నుంచి వచ్చినా రీలు మధ్యకు 12 మి.మీ. దూరమే. తమ దగ్గర అది 21. చేప గట్టిగా లాగే ప్రతిసారీ తమరు రాడ్ మీద గంగిరెద్దులా తలాడించేది అందుకే.

జిగ్గును లోతుకు దించి ఆడించే జిగ్గింగ్‌లో తమకు చోటే లేదు. అండమాన్‌లో, తెలుగు మత్స్యకార కుటుంబాలు ఎన్నో స్థిరపడిన జంగ్లీఘాట్ నుంచి పడవ కదిలి వంద మీటర్ల లోతు మీద ఆగిందనుకోండి. ఎడమచెయ్యి రాడ్‌నూ రీలునూ కలిపి అరచేతిలో పట్టుకుని, ఎత్తుతూ దించుతూ ఉండాలి. అరచెయ్యి పట్టులో ఉంటే నేను దారం పరిచేదెప్పుడు? సన్నది అరచేతిలో ఇమిడిపోతుంది. తమరు గుమ్మడికాయ.

ఇంత తిట్టినా, నిజం దాచడం నాకు చేతకాదు. దారం పోయేకొద్దీ వ్యాసం తగ్గి డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని బిగువుతో వదిలే బ్రేకు, బిగుస్తుంది. 6 కిలోల దగ్గర పెట్టిన డ్రాగ్, ముప్పాతిక దారం పోయేసరికి సన్న రీలులో 8.6 కిలోలు అవుతుంది, తమ దగ్గర 8. అదే గేరుకు తిప్పడానికి తమకు 15 శాతం తక్కువ బలం చాలు. ఇక నడుస్తున్న పడవ వెనక ఎరను లాగే ట్రోలింగ్‌లో తమరే రాజు. మోనో సాగి పడవ కుదుపునూ చేప కుదుపునూ మింగుతుంది, కాబట్టి అక్కడ లావు దారమే వేయాలి, దానికి చోటూ కావాలి. షిమానో వాళ్ల ట్రోలింగ్ రీలు టియాగ్రా 50డబ్ల్యూ పేరులో ఆ డబ్ల్యూ ఉన్నది వెడల్పు చాటడానికే. రాడ్ హోల్డర్‌లో ఉంటుంది, చేప పడ్డాక మనిషి కుర్చీలో కూర్చుని హార్నెస్ అనే నడుము పట్టీ తగిలించుకుంటాడు. రాడ్ బరువు నడుము మోస్తుంది, నేను ఖాళీ. అక్కడ చాకిరీ చేయడానికి నాకేం అభ్యంతరం లేదు. (రీలనేదే లేకుండా చేతి గేలంతో ట్యూనాను లాగే విశాఖ జాలర్ల బొటనవేళ్లు ఈ ఉత్తరం చదివితే నవ్వుకుంటాయి. అక్కడ చాకిరీ పది వేళ్లదీ.)

కాబట్టి కొనేవాళ్లకు తమ తరఫున నేనే రెండు మాటలు చెప్పేస్తున్నాను, కోపగించకండి. కొట్టులో రీలును రాడ్‌కి బిగించమనండి. బొమ్మలా బల్లమీద తిప్పి చూస్తే ఏమీ తెలియదు. పట్టు మార్చకుండా బొటనవేలు ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరుతోందా? చేరకపోతే అది ట్రోలింగ్ రీలు, జిగ్గుకు కాదు. పెన్ ఫ్యాదమ్ 25ఎన్‌లో, అక్యురేట్ వేలియంట్ 500ఎన్‌లో చివరి అక్షరం సన్నదనానికి గుర్తు. పేరు చదవడం వస్తే సగం బేరం అయినట్టే.

ఏది కొన్నా బ్రెయిడ్‌ను ఉత్త ఇరుసు మీద చుట్టొద్దు. ముడి ఎంత గట్టిదైనా మొత్తం దారం గుత్తగా జారి తిరుగుతుంది, డ్రాగ్ పాడైందని రీలును తిడతారు. ముందు ఐదారు మీటర్ల మోనో వేసి, దానికి బ్రెయిడ్ కట్టి, తడిగుడ్డతో రెండు మూడు కిలోల బిగువు ఇస్తూ చుట్టాలి. వదులుగా చుడితే చేప లాగినప్పుడు పైచుట్టు కిందికి కోసుకుపోయి అక్కడే ఇరుక్కుంటుంది. చుట్టు పక్కన చుట్టు ఆనించి పేర్చకుండా కాస్త ఏటవాలుగా దాటిస్తే ఈ దిగబడటం తగ్గుతుంది. అంచుకు 3 మి.మీ. ఖాళీ వదలాలి. చేప పరిగెత్తేటప్పుడు మాత్రం నన్ను బ్రెయిడ్ మీద ఆనించకండి మహాప్రభో, గ్లవ్ ఉన్నా సరే. ఇంటికొచ్చాక డ్రాగ్ బిగించి మంచినీళ్లు సన్నగా చిలకరించండి. పైపు పెట్టి కొడితే ఉప్పు బయటికి రావడం పోయి లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి.

చిత్తగించవలెను. ఆఫీసుల్లో చదువు రానివాళ్లు వేసే నిశానీ ఎడమ బొటనవేలిదే గనక, సంతకం బదులు నన్నే ఒత్తుతున్నాను. ముద్రలో అడ్డంగా ఒక తెల్ల గీత కనిపిస్తుంది. అది సిరా అంటక కాదు, బ్రెయిడ్ కోసిన చోటు.