ఆగగలదని కిడ్నీని ఆపొద్దు

హనుమంతవాక నుంచి ఎన్‌ఏడీ కూడలి మీదుగా విమానాశ్రయం దాకా గ్రీన్ ఛానల్ పెట్టినప్పుడల్లా విశాఖ జనం పక్కకు జరిగి అంబులెన్సుకు దారి ఇస్తున్నారు. దాత నుంచి తీసిన గుండెకు నాలుగైదు గంటలే గడువని అందరికీ తెలుసు. అదే దాత నుంచి తీసిన కిడ్నీల దగ్గరికి వచ్చేసరికి ఆ తొందర కనిపించదు. చల్లని ద్రావణంలో, ఐస్ పెట్టెలో ఉంచితే ఒక రోజు దాకా నిలుస్తుందిలే అన్న ధీమాయే అందుకు కారణం. నిలుస్తుంది, నిజమే. కానీ అలా గడిచే ప్రతి గంటా దాన్ని అమర్చుకునే మనిషి మీద భారంగా పడుతుంది.

రక్తం అందకుండా చల్లగా పడి ఉన్న కిడ్నీలోకి మళ్లీ ఒక్కసారిగా రక్తం చేరినప్పుడు లోపలి సన్నని నాళికలు దెబ్బతింటాయి. అప్పుడది వెంటనే పని మొదలుపెట్టదు. మార్పిడి జరిగిన మొదటి వారంలో మళ్లీ డయాలసిస్ అవసరమైతే కొత్త కిడ్నీ ఆలస్యంగా పనిచేస్తోందని డాక్టర్లు లెక్కవేస్తారు. బతికున్న దాతలు ఇచ్చిన కిడ్నీల్లో ఇది అరుదు. బ్రెయిన్ డెడ్ దాతల కిడ్నీల్లో మాత్రం, అమెరికా లెక్కల ప్రకారం చూసినా, దాదాపు పావు వంతుకు ఈ ఇబ్బంది వస్తోంది.

ఆ రోజులు ఎలా గడుస్తాయో ఊహించండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి నుంచో సోంపేట నుంచో, దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ జాబితాలో ఏళ్ల తరబడి ఎదురుచూసి వచ్చిన కుటుంబం. ఆపరేషన్ అయింది. మంచానికి వేలాడుతున్న యూరిన్ బ్యాగ్‌లో అడుగున నాలుగు చుక్కలు తప్ప ఏమీ లేదు. కిడ్నీ పనిచేస్తే రక్తంలో తగ్గాల్సిన వ్యర్థం క్రియాటినిన్, సాయంత్రం రిపోర్టులో తగ్గలేదు. మర్నాడు మళ్లీ డయాలసిస్ గదికే తీసుకెళ్తారు. ‘కిడ్నీ పోయిందా డాక్టర్ గారూ?’ అని భార్య అడిగే ప్రశ్నకు చాలాసార్లు నిజమైన జవాబు ‘లేదమ్మా, ఇంకా లేవలేదు’ అనే. ఎక్కువ కిడ్నీలు రెండు మూడు వారాల్లో లేస్తాయి. ఈ మాట ఆపరేషన్‌కు ముందే, తెలుగులో, కూర్చోబెట్టి చెప్పాలి. ముందే తెలిసిన కష్టానికీ మీద పడ్డ కష్టానికీ టెన్షన్‌లో చాలా తేడా ఉంటుంది.

అలాగని లేచిన కిడ్నీతో కథ సుఖాంతమని అనుకోవడానికి లేదు. అనేక అధ్యయనాలను కలిపి 2009లో ప్రచురించిన విశ్లేషణలో, ఆలస్యంగా పనిచేసిన కిడ్నీలు మూడేళ్లు దాటేసరికి విఫలమయ్యే ముప్పు 41 శాతం ఎక్కువని తేలింది. శరీరం కిడ్నీని తిరస్కరించే ముప్పు కూడా ఎక్కువే. కిడ్నీ నిద్రలో ఉన్నప్పుడు క్రియాటినిన్ ఎటూ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, చాటున తిరస్కరణ మొదలైనా ఆ అంకె చెప్పదు. అందుకే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేయాల్సి వస్తుంది. ఇంత ఉన్నా, ఇలాంటి కిడ్నీ దొరికినవారు డయాలసిస్ మీదే ఉండిపోయినవారి కంటే సాధారణంగా మెరుగ్గానే బతుకుతున్నారు. కాబట్టి భయపడి మార్పిడి మానుకోవద్దు.

మన చేతిలో ఉన్నది ఆలస్యాన్ని కోసేయడం. అది దాత ఉన్న ఐసీయూలోనే మొదలు కావాలి. 1994 చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ నిర్ధారణకు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు జరగాలి. ఆ వ్యవధిలో దాత బీపీ పడిపోతుంది, కొందరిలో యూరిన్ ధారగా పోయి ఒంట్లో నీరు ఇంకిపోతుంది. ఇక చేసేదేముందని సిబ్బంది ఆ మంచాన్ని వదిలేస్తే రెండు కిడ్నీలు అక్కడే దెబ్బతింటాయి. జాతీయ రహదారి ప్రమాదాల బాధితులు వచ్చే ప్రతి ఆసుపత్రిలోనూ ఈ శిక్షణ ఉండాలి.

తర్వాతది క్రాస్ మ్యాచ్, అంటే దాత కిడ్నీని రోగి రక్తం ఎదిరిస్తుందేమో చూసే పరీక్ష. దీనికే కొన్ని గంటలు పడుతుంది. జాబితాలో ఉన్నవారి రక్త నమూనాలు ఎప్పటికప్పుడు తాజాగా ల్యాబ్‌లో ఉంటే, ఇచ్ఛాపురం మనిషి బస్సులో ఉండగానే ఫలితం తేలిపోతుంది. అర్ధరాత్రి ల్యాబ్ తెరిచి ఉండాలి, ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉండాలి. కిడ్నీలోకి యంత్రంతో చల్లని ద్రావణం పంపుతూ భద్రపరిస్తే అది ఆలస్యంగా పనిచేసే ముప్పు తగ్గుతుందని 2009లోనే యూరప్ పరీక్షలో రుజువైంది. ఖరీదైనదే, కానీ విశాఖలాంటి కేంద్రానికి ప్రభుత్వం ఒకటి సమకూర్చలేనిదేమీ కాదు.

అదనపు డయాలసిస్‌లు, బయాప్సీ, పెరిగిన ఆసుపత్రి రోజులు ఎవరి ఖాతాలో పడతాయన్నది పేదవాడి ప్రశ్న. ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీలో వీటికి స్పష్టమైన చోటు ఉండాలని మేము కోరుతున్నాం. డిశ్చార్జి తర్వాత, తిరస్కరణను ఆపే మందు టాక్రోలిమస్ రక్తంలో ఎంత ఉందో చూపించుకోవడానికి 200 కిలోమీటర్లు రావాల్సి వస్తే, రెండు మూడు నెలలకే రాకపోకలు తగ్గిపోతాయి. మందు మోతాదు తప్పితే కాస్త కోలుకున్న కిడ్నీయే ముందు దెబ్బతింటుంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌, 200 పడకల ఆసుపత్రి ఉద్దానానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఆ పరీక్ష అక్కడే చేసి, రిపోర్టు విశాఖ డాక్టరుకు అదే రోజు పంపే ఏర్పాటు జరగాలి. ఎన్ని మార్పిడులు చేశారన్న లెక్కతో పాటు, ఎన్ని కిడ్నీలు ఆలస్యంగా పనిచేశాయి, ఏడాదికీ ఐదేళ్లకీ ఎన్ని నిలిచాయి అన్న లెక్కను ఆసుపత్రుల వారీగా జీవన్‌దాన్ ఏటా ప్రజల ముందు పెట్టాలి.