బేస్‌లో ఏ భాష ఉండాలని కొట్టుకునేవాళ్ళకి

ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటే వచ్చే సరంజామాని బేస్ అంటారు. అందులో ఏ ప్రోగ్రామింగ్ భాష పెట్టాలన్నదే ఆ కొట్లాట. నాకైతే చాలా ఏళ్ళ కిందటి మాట గుర్తొస్తుంది. ఒక క్లయింట్ సర్వర్‌లో పైథాన్ 2.7 కావాల్సొచ్చింది. అది సెంట్‌ఓఎస్ 6 అనే లినక్స్ కాబట్టి అందులో ఉన్నది 2.6. నేను 2.7 కంపైల్ చేసి, 'పైథాన్' అని కొడితే అదే రావాలని సిస్టమ్ లింకు మార్చేశాను. అంతే, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు పెట్టే యమ్ అనే కమాండ్ పడకేసింది. ఆ యమ్ రాసిందే పైథాన్‌లో, దాని మాడ్యూళ్ళున్నది 2.6 కింద. అదే పోయాక ఇంక దేంతో బాగుచేస్తాం? కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఏంటో రాత్రి పదకొండింటికి తెలిసొచ్చింది. (లింకు వెనక్కి మారిస్తే సరిపోయింది. అది తట్టడానికే గంట పట్టింది.)

తప్పు నాదే, కాదనను. కానీ సిస్టమ్ తన పనులకి వాడుకునే పైథానూ, నేను ప్రోగ్రాములు రాసుకునే పైథానూ ఒకటే ఎందుకవ్వాలి? అందుకే బేస్‌లో పర్ల్ ఉండాలా, పైథాన్ ఉండాలా అని కొట్టుకుంటుంటే నాకు విసుగు. ఎవరి కోసం పెడుతున్నారో ముందు తేల్చండి.

మా ఇంట్లో ఆవకాయ పెద్ద జాడీ మీద అమ్మ తప్ప ఎవరూ చెయ్యెయ్యకూడదు. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసిపెట్టేది. మా తడి చేతుల ప్రతాపమంతా ఆ సీసా మీదే.

సిస్టమ్ జాడీ వేరు, మన సీసా వేరు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళకి ఈ సంగతి పర్ల్‌తో అర్థమైంది. 4 సిరీస్ బేస్‌లో ఉన్నది పర్ల్ 5.005. బయట 2000లోనే 5.6 వచ్చేసింది. స్టేబుల్ సిరీస్‌లో మారిస్తే పాత స్క్రిప్టులు తంతాయి, మార్చకపోతే అది అక్కడే ముసలిదవుతుంది. కొత్తది కావాల్సినవాళ్ళు పోర్ట్స్ అనే బేస్ బయటి సాఫ్ట్‌వేర్ల గుట్టలోంచి విడిగా పెట్టుకునేవాళ్ళు. 2002లో పర్ల్‌ని బేస్ నుంచి తీసేసి, తమ స్క్రిప్టుల్ని షెల్, ఆక్, సీ భాషల్లో తిరగరాసుకున్నారు. అదే ఫ్రీబీఎస్‌డీ తర్వాత లువా అనే చిన్న భాషని లోపలికి తెచ్చుకుంది, ముందు సిస్టమ్‌ని లేపే బూట్ లోడర్‌కి, తర్వాత సొంత స్క్రిప్టులకి. దాని పేరు 'ఎఫ్‌లువా', ఉండేది సిస్టమ్ సొంత ప్రోగ్రాములుండే లిబ్‌ఎగ్జెక్ ఫోల్డర్లో, మనం కమాండ్ కొడితే వెతికే మామూలు పాత్‌లో తగలదు. నాకు నచ్చిందదే.

2019లో రెడ్‌హ్యాట్ వాళ్ళ లినక్స్ ఆర్‌హెచ్ఈఎల్ 8 కూడా తన పైథాన్‌ని 'ప్లాట్‌ఫామ్ పైథాన్' అని లిబ్‌ఎగ్జెక్‌లోనే దాచింది. 'పైథాన్' అని కొడితే కమాండ్ లేదంది. నేనూ ఓ అరగంట తిట్టుకున్నా. తర్వాత ఆ పదకొండింటి రాత్రి గుర్తొచ్చి నోరు మూసుకున్నా.

నాకు పర్ల్ మీద పగేం లేదు. ఫ్రీబీఎస్‌డీకి చుట్టమైన ఓపెన్‌బీఎస్‌డీ బేస్‌లో ఇప్పటికీ పర్ల్ ఉంది, వాళ్ళ ప్యాకేజీ సాధనాలు రాసిందే అందులో. వాడుకుంటున్నారు, అప్‌డేట్ చేసుకుంటున్నారు. పెట్టి వదిలేస్తేనే నాకు మంట. పైథాన్ 2కి 2020 జనవరి 1తో నూకలు చెల్లితే, మాక్‌ఓఎస్ దాన్ని 2022 మార్చిలో, 12.3 వచ్చేదాకా మోసింది. షెల్, ఆక్, సెడ్ లాంటి చిన్న పనిముట్లంటారా, అవి ఉండాల్సిందే, చర్చే లేదు.

ఇప్పుడు డెబియన్ 12 అనే లినక్స్‌లో, పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో నేరుగా సిస్టమ్ పైథాన్‌లోకి ఏదైనా పెట్టబోతే కుదరదంటుంది. మొన్న మా టీమ్‌లో కుర్రాడొకడు ఎక్కడో చూసి 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్ తగిలించాడు. సిస్టమ్‌ని పాడుచేస్తానని పేరులోనే రాసుంది కదరా, నీ ప్రోగ్రాముకి విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోరా నాయనా అన్నాను.

"ఈ ఒక్కసారికే అన్నా" అన్నాడు.